బ్యాటుకు య వత్తు

పిల్లలూ! మీకు ముందుగా ఒక కథ చెబుతాను. ఇది రాజకుమారుడి కథ కాదు, రాక్షసుడి కథ కూడా కాదు. ఒక శుక్రవారపు కడుపునొప్పి కథ. ఇందులో తప్పు చేసినవాడు పిల్లవాడు కాదు, మాస్టారు. ఆ మాస్టారును నేనే.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ప్రతి శుక్రవారం పది మాటల డిక్టేషను పెట్టేవాణ్ణి. తప్పు రాసిన ప్రతి మాటనూ యాభైసార్లు రాసుకు రావాలని నా చట్టం. అట్లా రాస్తే చేతికి అలవాటవుతుందనీ, చేతికి అలవాటైతే బుర్రకూ ఎక్కుతుందనీ నా నమ్మకం.

ఆ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. తెలుగు డిక్టేషనులో వాడికి సాటి లేడు. ‘జ్యోత్స్న’ అన్నా, ‘ధృతరాష్ట్రుడు’ అన్నా తడుముకోకుండా రాసేవాడు. అటువంటివాడికి ఇంగ్లీషు డిక్టేషనులో వారం వారం పదికి సున్న వచ్చేది. నేను ఎర్ర సిరాతో పది అడ్డగీతలు గీసి, “యాభైసార్లు!” అనేవాణ్ణి. వాడు తల వంచుకుని పుస్తకం తీసుకుపోయేవాడు.

ఒకసారి వాడు ‘నైఫ్’ అనే మాటను యాభైసార్లు రాసి తెచ్చాడు. చూస్తే, యాభైసార్లూ తప్పే! ఎన్-ఏ-ఐ-ఎఫ్, ఎన్-ఏ-ఐ-ఎఫ్ అంటూ పేజీ నిండా ఉన్నది. నేను గీసిన గీత కింద ఉన్న తన మాటనే చూచి, పాపం, ముత్యాలవంటి అక్షరాలతో ఎత్తి రాశాడు. ఒప్పు ఏదో నేను పక్కన రాయనే లేదు!

తరవాత కొన్ని వారాలు వాడు శుక్రవారం నాడు బడికి రాలేదు. ఒకనాడు వాళ్ళ నాయనమ్మ వచ్చి, బడి గుమ్మం అవతలే నిలబడి, “పంతులుగారూ, మా వాడికి శుక్రవారం పొద్దున్నే కడుపునొప్పి వస్తున్నదయ్యా. శనివారానికి తగ్గిపోతున్నది. ఇంక బడి మానేసి గొర్రెల వెంట పోతానంటున్నాడు. ఏ మందు వెయ్యాలో మీరే చెప్పండి,” అన్నది.

ఆ కడుపునొప్పికి కారణం నేనేనని ఆవిడకు తెలియదు. నాకు మాత్రం తెలిసిపోయింది.

ఆ సాయంత్రం వాడి పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను. గీతలు గీయడానికి కాదు, చదవడానికి. ‘బ్యాట్’ అన్నందుకు బి-వై-ఏ-టి అని రాశాడు. ‘డాక్టర్’ అన్నందుకు డి-ఏ-కె-టి-ఏ-ఆర్ అని రాశాడు. ‘స్కూల్’ అన్నందుకు ముందొక ఐ పెట్టాడు. మర్నాడు వాణ్ణి పిలిపించి, “ఏరా, బ్యాటుకు వై ఎందుకు పెట్టావు?” అని అడిగాను. వాడు భయపడుతూనే, “య వత్తు ఉన్నది గదండీ, మాస్టారూ!” అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. నిజమే గదా! తెలుగులో బ్యాట్ అని రాయాలంటే బకు య వత్తు ఇవ్వాలి. వాడు చెవితో విన్నాడు, తెలుగు లెక్క ప్రకారం విడదీశాడు, ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క అక్షరం వేశాడు. అందులో తెలివితక్కువ ఏమీ లేదు. తెలుగు బాగా వచ్చినవాడు కాబట్టే ఆ తప్పు చేశాడు!

పిల్లలూ, ఆ రోజునుంచీ ఇంగ్లీషు స్పెల్లింగు చెప్పే పద్ధతిని నేను కొత్తగా నేర్చుకున్నాను. ఆ సంగతులే ఇప్పుడు మీకు చెబుతాను.

పేరు వేరు, పని వేరు

మన అక్షరాలకు ఒక గొప్ప సుగుణం ఉన్నది. ‘క’ అనే అక్షరం పేరు క, అది చేసే ధ్వనీ కయే. ‘మ’ పేరు మ, దాని ధ్వనీ మయే. అందువల్ల ‘కమల’ అని రాయాలంటే మూడు అక్షరాల పేర్లు వరసగా పలికితే చాలు.

ఇంగ్లీషులో అట్లా కాదు. సి-ఏ-టి అని గబగబా పలికి చూడండి. ‘సియేటీ’ అవుతుందే గాని ‘క్యాట్’ అవుతుందా? అక్కడ సి అనేది అక్షరం పేరు మాత్రమే. ఆ మాటలో అది చేసే పని ‘క్’ అనడం. డబ్ల్యు పేరులో ‘వ’ ఎక్కడా వినిపించదు గాని, అది చేసేది వ వంటి ధ్వనే. హెచ్ పేరు వింటే చివర ‘చ్’ ఉన్నది. అది చేసే పని ‘హ’.

మన ఊళ్ళో కూడా ఇట్లాంటివారు ఉంటారు. పేరు వీరయ్య, బొద్దింకను చూస్తే పరుగు! పేరునుబట్టి మనిషిని పోల్చుకోలేము. ఇంగ్లీషు అక్షరమూ అంతే. అందుచేత ఏ, బి, సి, డి అని పేర్లు వల్లె వేయించడంతో ఆగకూడదు. ప్రతి అక్షరం ఏ ధ్వని ఇస్తుందో మొదట నేర్పాలి. ధ్వనులు వచ్చిన పిల్లవాడు ‘పెన్’ అనే మాట వినగానే ప్-ఎ-న్ అని మూడు ముక్కలు చేసి, మూడు అక్షరాలు తనంతట తానే వేసుకుంటాడు. వల్లె వేసినవాడు మాత్రం జ్ఞాపకం వచ్చేదాకా పైకప్పు చూస్తూ కూర్చుంటాడు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఇంగ్లీషులో అక్షరాలు 26. ఆ భాషలోని ధ్వనులు సుమారు 44. పదిమంది కూర్చునే బండిలో పదిహేడుమంది ఎక్కినట్టు, ఒక్కొక్క అక్షరం రెండు మూడు ధ్వనులు మొయ్యవలసి వస్తుంది. అందులో కొన్ని ధ్వనులు మనకు కొత్త. ‘బ్యాట్’లోని అచ్చు మన ఆ కాదు, మన ఏ కూడా కాదు. మాట్లాడేటప్పుడు అది మన నోట కూడా అక్కడక్కడ వస్తుంది గాని, మన వర్ణమాలలో దానికి అక్షరం లేదు. అందుకే య వత్తు అరువు తెచ్చుకుని రాస్తాము. ఇంగ్లీషువారికి వి, డబ్ల్యు రెండు వేరు వేరు ధ్వనులు. మనకు రెండూ ఒకే ‘వ’. జె, జెడ్ కూడా అంతే. మనవాళ్ళ తప్పులు చాలావరకు ఈ చోట్లనే జరుగుతాయి. దొంగ ఏ కిటికీలోనుంచి వస్తున్నాడో తెలిస్తే ఆ కిటికీకే గడియ పెట్టుకోవచ్చు గదా!

నోరు మారింది, రాత మారలేదు

“రాసినట్టు పలకకపోవడం ఏమి భాష, మాస్టారూ?” అని మీరు అడుగుతారు. దీనికి ఒక పాతకథ ఉన్నది.

పూర్వం ఇంగ్లీషువాళ్ళు కూడా చాలావరకు పలికినట్టే రాసేవారు. కత్తిని ‘క్నీఫ్’ అనేవారు. ముందున్న కె అక్షరం నోట వినిపించేది. ‘నేమ్’ అనే మాటను ‘నామె’ అన్నట్టు పలికేవారు. ‘టైమ్’ను ‘టీమె’ అన్నట్టు, ‘హౌస్’ను ‘హూస్’ అన్నట్టు పలికేవారు. ‘నైట్’ అనే మాట మధ్యలో జి-హెచ్ ఊరికే కూర్చోలేదు. గొంతులోనుంచి గరగరమనే ఒక ధ్వని వచ్చేది.

1066లో నార్మన్లు ఫ్రాన్సునుంచి వచ్చి ఇంగ్లండును జయించారు. వాళ్ళ లేఖకులు తమకు అలవాటైన రాతను అక్కడి మాటలకు తొడిగారు. పూర్వం సి-డబ్ల్యు అని మొదలయ్యే రాణి పేరు ‘క్వీన్’, క్యూ-యు అని మొదలు కావడం అప్పుడు వచ్చిన మార్పే. 1476లో విలియం కాక్స్టన్ అనే ఆయన వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఇంగ్లండులో అదే మొదటిది. అచ్చు రావడంతో మాటల రూపం నెమ్మదిగా గట్టిపడసాగింది.

సరిగ్గా ఆ కాలంలోనే జనం నోట్లో అచ్చులు మారిపోతున్నాయి. సుమారు 1400 నుంచి 1700 వరకు ఆ మార్పు జరిగింది. ‘నామె’ క్రమంగా ‘నేమ్’ అయింది. ‘టీమె’ ‘టైమ్’ అయింది. ‘క్నీఫ్’ ‘నైఫ్’ అయింది. నోరు మారింది గాని, అచ్చులోకి ఎక్కిన రాత మారలేదు. పిల్లవాడు పెరిగిపోయినా చిన్నప్పటి చొక్కానే తొడిగినట్టయింది.

దీనికి తోడు కొందరు పండితులు తెలివి ప్రదర్శించారు. అప్పుకు ఇంగ్లీషు మాట ‘డెట్’. పూర్వం అందులో బి లేదు. దాని మూలం లాటిను మాట ‘డెబిటుం’ అని చూపించడానికి మధ్యలో బి పెట్టారు. ఎవరూ దాన్ని పలకలేదు. దీవికి మాట ‘ఐలండ్’. లాటినులో దీవిని ‘ఇన్సులా’ అంటారు గనక ఇదీ అందులోనుంచే వచ్చిందని పొరబడి ఒక ఎస్ చేర్చారు. చూశారా! మన కుర్రవాడు చేస్తే తప్పు, పండితుడు చేస్తే స్పెల్లింగు!

1755లో శామ్యూల్ జాన్సన్ సుమారు 42 వేల మాటలతో గొప్ప నిఘంటువు అచ్చు వేశాడు. దానితో ఇంగ్లండులో స్పెల్లింగులు చాలావరకు స్థిరపడ్డాయి. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు 1828లో తన పెద్ద నిఘంటువు ప్రకటించాడు. ఆయన ‘కలర్’లో యు తీసేశాడు. ‘సెంటర్’ చివర అక్షరాలు తారుమారు చేశాడు. అందుకే నేటికీ ఆ మాటలు ఇంగ్లండులో ఒక విధంగా, అమెరికాలో మరొక విధంగా రాస్తారు. రెండూ ఒప్పే.

ఇప్పుడు చెప్పండి. ‘నైఫ్’ను ‘క్నైఫ్’ అని చదివిన పిల్లవాడు మందబుద్ధి కాదు గదా? కొన్ని వందల ఏళ్ళు ఆలస్యంగా వచ్చాడు, అంతే!

మనం మరీ నవ్వనక్కరలేదు. ‘బ్రహ్మ’ అని రాస్తాము, ‘బ్రమ్హ’ అని పలుకుతాము. ‘చాప’లో చ వేరు, ‘చీమ’లో చ వేరు. అక్షరం ఒకటే. ‘గుఱ్ఱము’లోని బండి ఱ మన తాతల కాలంలో ఉండేది, ఇప్పుడు మామూలు ర వేస్తున్నాము. ఏ భాషలోనైనా నోరు ముందు నడుస్తుంది, రాత వెనకాల వస్తుంది. ఇంగ్లీషులో రాత మరీ వెనకబడిపోయింది.

అంతా గందరగోళం కాదు

ఇంగ్లీషు స్పెల్లింగును ఎగతాళి చేసే ఒక పాత వేళాకోళం ఉన్నది. జి-హెచ్-ఓ-టి-ఐ అని రాసి ‘ఫిష్’ అని చదవవచ్చునట! ‘లాఫ్’ చివర ఉన్న జి-హెచ్ ‘ఫ్’ అంటుంది. ‘విమెన్’లో ఓ ‘ఇ’ అంటుంది. ‘నేషన్’లో టి-ఐ ‘ష్’ అంటుంది. మూడూ కలిపితే చేప! దీన్ని బెర్నార్డ్ షా చెప్పాడని అంటారు గాని, అది 1855లో రాసిన ఒక ఉత్తరంలోనే ఉన్నది. షా పుట్టింది 1856లో!

వేళాకోళం బాగానే ఉన్నది గాని, ఇందులో ఒక మోసం ఉన్నది. జి-హెచ్ మాట మొదట వస్తే ఎప్పుడూ ‘ఫ్’ అనదు. టి-ఐ మాట చివర వస్తే ‘ష్’ అనదు. అంటే ఏ అక్షరం ఏ ధ్వని ఇస్తుందో అది కూర్చున్న చోటునుబట్టి ఉంటుంది. చోటు తెలిస్తే సగం స్పెల్లింగు తెలిసినట్టే.

ఇది నా మాట కాదు. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాల్ హన్నా అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 17 వేల ఇంగ్లీషు మాటలు తీసుకుని, ధ్వనుల సూత్రాలు కంప్యూటరుకు ఇచ్చి స్పెల్లింగు రాయించారు. దాదాపు సగం మాటలను ఆ యంత్రం పూర్తిగా ఒప్పు రాసింది. మరి 37 శాతం మాటలలో ఒక్క తప్పు మాత్రమే చేసింది. అర్థం తెలియని యంత్రమే సూత్రాలతో అంత రాయగలిగితే, అర్థం తెలిసిన మీరు ఎంత రాయగలరో ఆలోచించండి!

నేను పిల్లలకు మొదట నేర్పే సూత్రాలు నాలుగు.

ఒకటి: చిన్న మాటలలో అచ్చులకు చిన్న ధ్వనులు. క్యాట్, పెన్, పిన్, పాట్, కప్. ఈ అయిదు మాటలూ అయిదు అచ్చులకు కాపలాదారులు. వీటిని పట్టుకుంటే ఒక్కొక్క దానికి బంధుబలగం దొరుకుతుంది. క్యాట్ వస్తే బ్యాట్, హ్యాట్, మ్యాట్, ర్యాట్ వచ్చినట్టే. మొదటి అక్షరం మార్చుకుంటే చాలు.

రెండు: మాట చివర పలకని ఈ. కె-ఐ-టి ‘కిట్’. దాని చివర ఈ చేర్చండి, ‘కైట్’ అవుతుంది, గాలిపటం ఎగురుతుంది! ‘హ్యాట్’ చివర ఈ పెడితే ‘హేట్’. ‘క్యాప్’ చివర పెడితే ‘కేప్’. మన భాషలో గుడి, దీర్ఘం, కొమ్ము హల్లుకు అంటుకునే ఉంటాయి. ఇంగ్లీషులో అచ్చును సాగదీసే గుర్తు హల్లు దాటిపోయి మాట చివర కూర్చుంటుంది. అది తాను మాట్లాడదు, ముందున్న అచ్చు చేత మాట్లాడిస్తుంది. కొందరు పెద్దమనుషులు ఇట్లాగే ఉంటారు! ‘హ్యావ్’, ‘గివ్’ వంటి కొన్ని మాటలు ఈ సూత్రానికి లొంగవు. వాటిని వేరే పట్టుకోవాలి.

మూడు: జంట హల్లులు. తెలుగులో హల్లు జంటగా ఉంటే జంటగానే పలుకుతాము. గడి వేరు, గడ్డి వేరు. కల వేరు, కల్ల వేరు. ఇంగ్లీషులో ‘లెటర్’ అంటే ఒక్క ట మాత్రమే వినిపిస్తుంది. రెండో టి ఎందుకు? అది ముందున్న అచ్చుకు అడ్డుగోడ. డి-ఐ-ఎన్-ఎన్-ఈ-ఆర్ అంటే ‘డిన్నర్’, రాత్రి భోజనం. ఒక్క ఎన్ తీసేస్తే ‘డైనర్’, భోజనం చేసేవాడు! ఆ గోడ ఉన్నంతసేపు అచ్చు చిన్నగా ఉంటుంది. తీసేస్తే సాగుతుంది.

నాలుగు: సి, కెల మధ్య కొట్లాట. “క అనే ధ్వనికి సి వెయ్యాలా, కె వెయ్యాలా?” అని అందరూ అడుగుతారు. సి తరవాత ఈ, ఐ, వై వస్తే అది ‘స’ అంటుంది. సిటీ, సెంటర్, సైకిల్ చూడండి. అందుచేత ఆ అక్షరాల ముందు ‘క’ కావాలంటే కె వెయ్యాలి. కింగ్, కైట్, కెటిల్. ఏ, ఓ, యుల ముందు సాధారణంగా సి వేస్తారు. క్యాట్, కాట్, కప్.

ఈ నాలుగూ ఒక్కరోజున నేర్చుకోవద్దు. ఒక్కొక్క దానికి పదిహేనురోజులు ఇవ్వండి. ఇంట్లో ఉన్న పాత శుభలేఖలు కత్తిరించి, ముక్కకు ఒక అక్షరం చొప్పున రాసుకోండి. వాటితో మాటలు కట్టండి, విప్పండి. చిన్నవాళ్ళు ఇసుకలో వేలితో దిద్దవచ్చు. మన వీధిబళ్ళలో తాతలు నేర్చుకున్న పద్ధతే ఇది. ఇసుకలో తప్పు రాస్తే అరచేత్తో తుడిచెయ్యవచ్చు. ఎర్రసిరా గుర్తు ఉండదు!

మొండి మాటలు

సూత్రానికి లొంగని మాటలు కొన్ని ఉన్నాయి. వన్, టూ, ఐ, సెడ్, వాజ్, ఫ్రెండ్. ఇవి రోజూ వాడేవి కావడంవల్ల మరీ అరిగి మరీ మారిపోయాయి. వీటిని చెవితో పట్టుకోలేము, కంటితో పట్టుకోవాలి. ఐదు మెట్ల పద్ధతి ఉన్నది: చూడు, పలుకు, మూయి, రాయి, పోల్చు. మాటను బాగా చూసి, పైకి పలికి, చేత్తో మూసి, జ్ఞాపకంతో రాసి, తరవాత చెయ్యి తీసి పోల్చుకోవాలి. అన్నిటికంటె ముఖ్యమైనది ‘మూయి’. ఎదురుగా పెట్టుకుని యాభైసార్లు ఎత్తి రాసేవాడి చెయ్యి పనిచేస్తుంది, బుర్ర నిద్రపోతుంది. మూసి రాసేవాడి బుర్ర మేలుకోక తప్పదు.

రోజుకు అయిదు మాటలకు మించవద్దు. వాటిని మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్ళీ చూసుకోండి. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠతా పెట్టి, తన జ్ఞాపకశక్తి మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. ఒకే కూర్చోడంలో వల్లెవేసినదానికంటె, రోజుల తరబడి పంచుకుని చదివినది బాగా నిలుస్తుందని కనిపెట్టాడు. కుండెడు నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే మొక్క కొట్టుకుపోతుంది. రోజూ చెంబెడు పోస్తే బతుకుతుంది.

ఇంత కష్టం ఎందుకు, అక్షరాలే మార్చేస్తే పోదా అని కూడా పెద్దలు ప్రయత్నించారు. 1961లో ఇంగ్లండులో జేమ్స్ పిట్‌మన్ తయారుచేసిన కొత్త అక్షరమాలతో కొన్ని బళ్ళలో చదువు మొదలుపెట్టారు. ధ్వనికొక అక్షరం గనక పిల్లలు తొందరగా చదవసాగారు. కాని రెండేళ్ళు పోయాక మామూలు పుస్తకాలకు మారవలసి వచ్చినప్పుడు చాలామంది తికమకపడ్డారు. క్రమంగా ఆ పద్ధతి మూలపడింది.

అమెరికాలో 1925 నుంచి పిల్లలకు దేశమంతటికీ కలిపి ఒక స్పెల్లింగు పోటీ జరుగుతున్నది. 1985లో బాలు నటరాజన్ గెలిచినప్పటినుంచి మన దేశపు కుటుంబాల పిల్లలు అందులో చాలాసార్లు నెగ్గారు. ఆ పోటీలో ఒక నియమం నాకు ఎంతో ఇష్టం. పిల్లవాడు, “ఈ మాట ఏ భాషనుంచి వచ్చింది?” అని అడగవచ్చు. అడిగితే చెప్పి తీరాలి. మాట పుట్టిల్లు తెలిస్తే స్పెల్లింగు ఊహించడానికి వీలవుతుంది. ఫ్రెంచి మాటకు ఒక పోకడ, గ్రీకు మాటకు మరొక పోకడ. బాగా స్పెల్లింగు వచ్చినవాళ్ళు కేవలం బట్టీ పట్టినవాళ్ళు కాదు, మాటలతో స్నేహం చేసినవాళ్ళు.

తల్లిదండ్రులకు ఒక మాట

అయ్యా, అమ్మా! మీ పిల్లల పుస్తకంలో తప్పు కనిపించగానే, “ఇన్ని డబ్బులు పోసి చదివిస్తుంటే!” అని మొదలుపెట్టకండి. “ఇట్లా ఎందుకు రాశావు?” అని మెల్లగా అడగండి. వాడి దగ్గర ఒక కారణం ఉంటుంది. 1971లో చార్లెస్ రీడ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు, ఇంకా బడికి పోని చిన్నపిల్లలు తమంతట తాము కల్పించుకున్న స్పెల్లింగులను పరిశీలించాడు. అవి అడ్డదిడ్డపు తప్పులు కావనీ, పిల్లల చెవి పట్టుకున్న ధ్వనులకు అనుగుణంగా ఉన్నాయనీ చూపించాడు. ఇంగ్లీషు మాతృభాష అయిన పిల్లలే అట్లా రాస్తే, మన పిల్లల మాట చెప్పాలా?

“ఇప్పుడు ఫోనే తప్పులు దిద్దుతున్నది గదా, మాస్టారూ?” అని కొందరు అడుగుతున్నారు. దిద్దనివ్వండి. కాని స్పెల్లింగు భయం ఉన్న పిల్లవాడు ఏమి చేస్తాడో నేను చూశాను. వాడి మనసులో పెద్ద మాట ఉంటుంది. అది రాయడానికి జంకి, చిన్న మాట వేసుకుంటాడు. ‘ఎలిఫెంట్’ అని రాయాలని ఉన్నా, తప్పుపోతుందేమోనని ‘క్యాట్’ అని రాసి ఊరుకుంటాడు. క్రమంగా ఏనుగంత ఊహలు కూడా పిల్లి అంత అయిపోతాయి. పోయేది ఒక మార్కు కాదు, వాడి ఊహ. దాన్ని ఏ ఫోనూ దిద్దిపెట్టలేదు.

ఒకటే చెయ్యండి. తప్పులు లెక్కపెట్టేముందు ఒప్పు అక్షరాలు లెక్కపెట్టండి. డి-ఏ-కె-టి-ఏ-ఆర్ అని రాసినవాడికి డి, టి, ఆర్ మూడూ ఒప్పే. మిగిలింది మూడక్షరాలే. “సగం దూరం వచ్చావు, ఇంక సగమేరా,” అంటే ఆ పిల్లవాడు తక్కిన సగం నడుస్తాడు.

కుర్రవాడు ఏమయ్యాడు?

నేను ఆ శుక్రవారం డిక్టేషను మానలేదు గాని, యాభైసార్ల చట్టం మాత్రం రద్దు చేశాను. తప్పు పక్కన ఒప్పు రాయడం మొదలుపెట్టాను. ఆ కుర్రవాడి సున్న మూడయింది, మూడు అయిదయింది. కడుపునొప్పి పోయింది. వాడు క్లాసులో మొదటివాడు కాలేదు. పదో తరగతి ఎట్లాగో గట్టెక్కాడు. తరవాత పక్క పట్నంలో బోర్డులు రాసే పనిలో చేరాడు. ముత్యాలవంటి చేతిరాత అక్కడ అక్కరకు వచ్చింది. ఇప్పుడు కుంచె మూలపడి, కంప్యూటరు మీద ఫ్లెక్సీలు తయారు చేస్తున్నాడు.

కొన్నేళ్ళ కిందట వాడు ఫోను చేసి, “మాస్టారూ, ‘అకామడేషన్’లో ఎమ్ ఒకటా, రెండా?” అని అడిగాడు. నాకు చటుక్కున తోచలేదు. “ఉండరా,” అని నిఘంటువు తీసి చూసి చెప్పాను. సిలు రెండు, ఎమ్‌లు కూడా రెండే. వాడు నవ్వి, “మీరు కూడా చూడాలాండీ?” అన్నాడు. “అందరం చూడవలసిందేరా,” అన్నాను.

చివరగా మీకొక సరదా సంగతి. మన పందికొక్కు ఇంగ్లీషు నిఘంటువులో ఉన్నది! ఇంగ్లీషువాళ్ళు మన దేశం వచ్చి, ఆ జంతువు పేరు తెలుగువాళ్ళ నోట విని, తమ చెవికి తోచినట్టు ‘బ్యాండికూట్’ అని రాసుకున్నారు. తరవాత ఆస్ట్రేలియాలో మరొక జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. అంతేకాదు, దొరలు కాకినాడను ‘కోకనాడ’ అని రాశారు, ఏలూరును ‘ఎల్లోర్’ అని రాశారు, మచిలీపట్నాన్ని ‘మసూలిపటం’ అని రాశారు. రైలు స్టేషన్ల మీదా, పటాల మీదా చాలాకాలం అట్లాగే ఉన్నాయి.

వాళ్ళు చేసిన పని ఏమిటి? పరాయి భాష మాట విని, తమ అక్షరాలతో తోచినట్టు రాశారు. మన కుర్రవాడు బ్యాటుకు య వత్తు ఇచ్చాడే, సరిగ్గా అదే పని! ఆ దొరల చేత యాభైసార్లు రాయించిన మాస్టారు మాత్రం ఒక్కడూ లేడు.

చేసి చూడండి

1. పి-ఐ-ఎన్ అంటే గుండుసూది. చివర ఒక్క అక్షరం చేర్చి దాన్ని ఒక చెట్టుగా మార్చండి.

2. ‘ఫ్రెండ్’ అనే మాట చివర మూడు అక్షరాల మరొక మాట దాగి ఉన్నది. అదేమిటి? అది గుర్తుంటే ఇక ఆ స్పెల్లింగు తప్పుపోదు.

3. ‘కింగ్’కు కె, ‘కప్’కు సి ఎందుకు?

జవాబులు: 1. చివర ఈ చేరిస్తే ‘పైన్’, అనగా కొండల మీద పెరిగే దేవదారువంటి చెట్టు. 2. ‘ఎండ్’, అనగా చివర. చివర వరకు విడవనివాడే స్నేహితుడు! 3. ఐ ముందు సి వస్తే ‘స’ అంటుంది గనక అక్కడ కె కావాలి. యు ముందు ఆ భయం లేదు.